తీగ బిగించే చెయ్యి ఎవరిది?



మదనపల్లె నుంచి హార్సిలీ హిల్స్‌కు మీరు ఎప్పుడైనా సైకిల్ తొక్కినారా? బస్సులో కూచుని పోయినా ఆ మలుపుల్లో ఇంజను మూలుగుతుంది. సముద్రమట్టం నుంచి 1,200 మీటర్లకు పైనే ఎత్తు. ఒక్కసారి ఎక్కి దిగితే చాలు, రెండు రోజులు తొడలు పట్టేస్తాయి. అట్లాంటి కొండలు, అంతకంటే పెద్ద కొండలు, మూడు వారాల పాటు ఎక్కి దిగే పందెగాళ్లు ఐరోపాలో ఉన్నారు. వాటిని గ్రాండ్ టూర్లు అంటారు.

మొన్న ఆదివారం వందన అయినాక ఒక పిల్లోడు ఫోన్లో ఆ పందెం చూపించి అడిగినాడు: "అన్నా, ఒకే ఏడాదిలో ఇట్లాంటివి రెండు మూడు తొక్కేది గొప్పా, పిచ్చా?" అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. ఇంటికొచ్చి ఆలోచిస్తే అది సైకిళ్ల ప్రశ్న మాత్రమే కాదని తెలిసింది. అష్టాంగ మార్గంలో సమ్యక్ వ్యాయామం అని ఒక అంగం ఉంది కదా, అంటే సరైన ప్రయత్నం. ఎంత ప్రయత్నం సరైనది? ఎక్కడ ఆగాలి? ఆగమని చెప్పే హక్కు ఎవరికి ఉంది? ఆ పిల్లోడు అడిగింది ఇదే.

ముందు సంగతి తెలుసుకుందాం. మే నెలలో ఇటలీలో జిరో, జూలైలో టూర్ ద ఫ్రాన్స్, ఆగస్టు-సెప్టెంబరుల్లో స్పెయిన్‌లో వుయెల్టా. ఒక్కోటీ 21 రోజుల పందెం, సుమారు 3,300 కిలోమీటర్లు. మధ్యలో విశ్రాంతి రెండు మూడు రోజులే. ఈ మూడింటినీ ఒకే ఏడాదిలో గెలిచిన మనిషి ఇంతవరకూ లేడు. ఇటలీ, ఫ్రాన్స్ రెండూ కలిపి 1998లో మార్కో పాంతాని గెలిచినాడు. మళ్లీ అది జరగడానికి 26 ఏళ్లు పట్టింది. 2024లో స్లొవేనియా యువకుడు తదేయ్ పొగాచర్ ఆ రెండూ గెలిచినాడు. గెలిచి, ఆ ఏడు స్పెయిన్‌కు పోలేదు. ఆ ఆగడాన్ని మీరు గుర్తు పెట్టుకోండి.

"సత్తా ఉన్నోడు ఎందుకు ఆగాలి?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వయసు తిరిగి రాదు. జనం గొప్ప ఆటగాణ్ణి ప్రతి పందెంలోనూ చూడాలనుకుంటారు. మనకైతే ఈ మాట ఇంకా లోతుగా తగులుతుంది. "మీవల్ల కాదు, మీ హద్దు ఇంతే" అని తరతరాలుగా విన్నవాళ్లం మనం. ఇప్పుడు ధమ్మం పేరు చెప్పి మళ్లీ హద్దులు గీస్తే ఒప్పుకుంటామా?

ఇక్కడ సోణుడి కథ పనికొస్తుంది. సోణుడు ధనవంతుల బిడ్డ, పాదాలు మెత్తనివి. భిక్షువు అయినాక రాజగృహం దగ్గర పట్టుదలతో నడక ధ్యానం చేసినాడు. ఎంతగా అంటే పాదాలు పగిలి నడిచిన దారంతా నెత్తురయింది. అయినా ఫలితం కనపడలేదు. "ఇల్లు చేరి దానధర్మాలు చేసుకోవడమే మేలేమో" అనుకున్నాడు. భగవానుడు వచ్చి అతన్ని మందలించలేదు, మెచ్చుకోనూలేదు. నువ్వు ఇంటి దగ్గర వీణ వాయించేవాడివి కదా అని అడిగినాడు. తీగ మరీ బిగిస్తే పలుకుతుందా? మరీ వదులుగా ఉంటే పలుకుతుందా? రెంటికీ సోణుడే "పలకదు" అని చెప్పినాడు.

ఈ కథలో మనం తరచుగా వదిలేసే సంగతి ఒకటుంది. భగవానుడు "రోజుకు ఇన్ని గంటలే నడువు" అని లెక్క చెప్పలేదు. సోణుడికి బాగా తెలిసిన పనిలోంచే ప్రశ్న వేసినాడు. తీగ ఎప్పుడు సరిగా పలుకుతుందో వాయించేవాడి చెవికి తెలుస్తుంది. అంటే హద్దు ఉంది, కానీ అది కులం గీసిన హద్దు కాదు, యజమాని గీసిన హద్దు కాదు. తన శరీరాన్ని తాను విని తెలుసుకునే హద్దు అది.

మన పుంగనూరు ఆవును చూడండి. పొట్టిది, మనిషి నడుము ఎత్తు కూడా ఉండదు. పాలు కొంచెమే, కానీ వెన్న శాతం ఎక్కువ. ఒంగోలు గిత్తతో పోల్చి దాన్ని ఎవరైనా తీసిపారేస్తారా? దాని కొలత దానిది. ఒకడు ఏడాదికి రెండు పందేలు తొక్కగలిగితే అది అతని కొలత. దాన్ని తెచ్చి అందరి వీపు మీదా పెడితే అది హింస.

ఇప్పుడు మన తెలుగు గడ్డ మీది ఉదాహరణ. గుంటూరు నుంచి వచ్చిన బ్యాడ్మింటన్ ఆటగాడు కిడాంబి శ్రీకాంత్ 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచినాడు. అక్టోబరు 22న డెన్మార్క్‌లో, వారం తిరక్కుండా 29న ఫ్రాన్స్‌లో. ఆ వెంటనే జాతీయ పోటీలు. నవంబరు 8న ఫైనల్ కూడా ఆడినాడు. ఎక్కడో తెలుసా? నాగపూర్‌లో. ఆ ఫైనల్లో ఓడిపోయినాడు, కాలి కండరం పట్టేసింది, తర్వాతి చైనా ఓపెన్ వదులుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడు, 2018 నుంచి, ప్రపంచ బ్యాడ్మింటన్ సమాఖ్య కొత్త నియమం పెట్టింది. సింగిల్స్‌లో పైనున్న 15 మంది ఏడాదికి కనీసం 12 టోర్నీలు ఆడి తీరాలి, లేకపోతే జరిమానా. అంటే తీగ వాయించేవాడిది, బిగించే చెయ్యి మాత్రం ఇంకొకరిది. ఆ చేతికి పాట వినపడదు, టికెట్ల లెక్క మాత్రమే వినపడుతుంది. దాన్నే మనం తృష్ణ అంటాం. మనిషిలో ఉండే తృష్ణ ఒక రకం. సంస్థలో ఉండే తృష్ణ ఇంకో రకం, దానికి నిద్ర కూడా పట్టదు.

సైకిల్ పందెంలో మరో అన్యాయం దాగి ఉంది. టీవీలో కనపడేది ఒక్క నాయకుడే. కానీ జట్టుకు ఎనిమిది మంది. మిగతా ఏడుగురు నీళ్ల సీసాలు మోస్తారు, ముందు నిలబడి ఎదురుగాలి కాస్తారు, నాయకుడి సైకిల్ చెడిపోతే తమది ఇచ్చేస్తారు. 2023లో సెప్ కస్ అనే ఆయన మూడు గ్రాండ్ టూర్లూ తొక్కినాడు. ఇటలీలో ఒక నాయకుణ్ణి, ఫ్రాన్స్‌లో మరో నాయకుణ్ణి గెలిపించినాడు. మూడోది, స్పెయిన్‌ది, తానే గెలిచినాడు. సంతోషమే. కానీ అట్లా గెలిచే సహాయకులు ఎందరు? నాయకుడు "ఇంకోటి తొక్కుతా" అంటే పేరు ఆయనకు వస్తుంది, అలసట ఏడుగురికీ పంచబడుతుంది. కాబట్టి "తొక్కాలా వద్దా" అని నాయకుణ్ణి ఒక్కణ్ణే అడిగితే చాలదు. నీళ్లు మోసేవాణ్ణి కూడా అడగాలి.

ఈ మాట మనకు కొత్త కాదు. కుప్పం స్టేషన్లో తెల్లారకముందే బెంగళూరు రైలు కోసం నిలబడేవాళ్లను చూడండి. మదనపల్లె టమోటా మండీలో బాక్సులు మోసే హమాలీలను చూడండి. పొద్దున ఇంటి పని, పగలంతా కూలి పని, రాత్రి మళ్లీ ఇంటి పని చేసే మన అక్కచెల్లెళ్లను చూడండి. వీళ్లది ఏడాదికి మూడు టూర్లు కాదు, రోజుకు మూడు. పూల దండ లేదు, వద్దనే హక్కూ లేదు. అందుకే బాబాసాహెబ్ విశ్రాంతిని చట్టంలో రాయించినారు. 1942 నుంచి వైస్రాయి కౌన్సిల్లో కార్మిక సభ్యుడిగా ఉన్నారు. 1946లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారానికి 54 గంటల పనిని 48కి తగ్గించినారు. విశ్రాంతి దయతో ఇచ్చేది కాదు, అది హక్కు అని చెప్పినట్టే కదా!

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో అక్కడ క్షయ ఆస్పత్రి మొదలైనప్పుడు ఆ జబ్బును చంపే మందు ఇంకా పుట్టలేదు. మంచి గాలి, మంచి తిండి, పడక మీద విశ్రాంతి, అవే వైద్యం. విశ్రాంతిని సోమరితనం అనేవాళ్లు ఆ చెట్ల కింద ఒకసారి నిలబడి చూడాలి.

ఇక్కడ మీరు నన్ను నిలదీస్తారని తెలుసు. "అన్నా, బాబాసాహెబ్ విశ్రాంతి తీసుకున్నారా? మధుమేహంతో, కాళ్ల నొప్పులతో రాత్రులు మేలుకుని రాయలేదా? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో మనకు ధమ్మం ఇచ్చి, 53 రోజులకే, డిసెంబరు 6న వెళ్లిపోలేదా? 'బుద్ధుడు, ఆయన ధమ్మం' అచ్చులో చూసుకోకుండానే పోయినారు కదా!"

నిజం. ఈ ప్రశ్న దగ్గర నాకు గొంతు పట్టుకుంటుంది. కానీ ఒక తేడా చూడండి. ఆయన ఇంకో పతకం కోసం బిగించుకోలేదు. కోట్ల మంది బరువు ఆయన మీద ఉంది, పంచుకునేవాళ్లు తక్కువ. సైకిల్ పందెంలో ముందు పోయేవాడే గాలినంతా కోస్తాడు. వెనక పోయేవాళ్లకు దాదాపు మూడో వంతు శ్రమ తగ్గుతుంది. అందుకే కలిసి తొక్కేవాళ్లు వంతులు వేసుకుంటారు. కాసేపు నువ్వు ముందు, కాసేపు నేను. బాబాసాహెబ్ వంతు మార్చుకోవడానికి ముందుకు వచ్చినవాళ్లు ఎంతమంది? ఆయన నిద్రలేని రాత్రుల్ని కీర్తించి మనం హాయిగా పడుకుంటే అది భక్తి అవుతుంది గానీ ధమ్మం కాదు. భక్తి వద్దని చెప్పింది ఆయనే. ఆయన బతుకు నుంచి మనం నేర్చుకోవలసింది ఒంటరిగా చచ్చేదాకా తొక్కమని కాదు, ముందుకొచ్చి వంతు తీసుకోమని. సంఘం అనే మాటకు ఇదే అర్థం.

ఇక ఆ పిల్లోడికి నా జవాబు. రెండు పందేలు తొక్కడం తప్పు కాదు, మూడైనా తప్పు అని నేను అనను. మూడు ప్రశ్నలకు "అవును" అని జవాబు రావాలి, అంతే. ఆ నిర్ణయం తొక్కేవాడిదేనా? శరీరం చెప్పేది వింటున్నాడా? పక్కన నీళ్లు మోసేవాడికి "నావల్ల కాదు" అనే స్వేచ్ఛ ఉందా? ఒక్కదానికి "కాదు" అని వచ్చినా, గెలుపు ఎంత పెద్దదైనా అది సరైన ప్రయత్నం కాదు. పొగాచర్ రెండు గెలిచి ఆగినాడని చెప్పాను కదా. ఆగడం కూడా బలమే.

ఈ ప్రశ్నలు మీ ఇంట్లో కూడా వేసి చూడండి. మూడు పరీక్షలకు ఒకేసారి చదువుతున్న మీ బిడ్డను అడగండి. రెండు షిఫ్టులు చేస్తున్న తమ్ముణ్ణి అడగండి. మన విహారంలో ప్రతి ఆదివారం ఊడ్చేది, నీళ్లు పట్టేది, కుర్చీలు వేసేది ఎవరో ఒకసారి గమనించండి. ఎప్పుడూ అదే ఇద్దరు ముగ్గురైతే, వచ్చే ఆదివారం చీపురు మీరు తీసుకోండి. వంతు మార్చడం అక్కడి నుంచే మొదలవుతుంది.

భవతు సబ్బ మంగళం. జై భీమ్.