సంచి – సంగ్రహము

అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఛాయాచిత్రకారుడు జిమ్ డామ్కే 1970వ దశకములో తన పనికై కాన్వాసు సంచి నొకదానిని రూపొందించెను. కటకములు చప్పున చేతికందవలెను, భుజము నొవ్వరాదు. అది కాయకమునుండి పుట్టిన సంచి.

నేడు ఆ వృత్తివారిలో పలువురకు కెమెరా ఒక్కటే, సంచులు పది. ఒకదానిలో పెద్ద కటకము పట్టదు. వేరొకటి వానకు తడియును. లోపములేనిది దొరకునని మరొకటి కొందురు. దీనిని లోభమనుట తేలిక. కాని వారు కొనుచున్నది సంచిని కాదు, తమ పని చక్కబడుననెడి ఆశను. చిక్కంతయు నచ్చటనే. సంచి వెదకిన దినమున ఒక్క చిత్రమైనను తీయరు. (మన యిండ్లలో మాత్రము, పూజకు రాని వెండి లింగకాయలు పెట్టెలలో లేవా?)

కాయకఫలములో తనకు వలసినంత యుంచుకొని తక్కినది సంఘమున కర్పించుటను బసవేశ్వరుడు దాసోహమని బోధించెను. అల్మారాలో తొమ్మిది సంచులున్నవి. కెమెరాను తువాలులో చుట్టుకొని పనికిపోవు కుర్రవాడొకడు ఏ యూరనైన నుండును.