ఎలుక నొప్పి ఎవరి లెక్కలోది?



పోయిన పౌర్ణమికి వందనం అయ్యాక మా విహారం గుమ్మంలో ఒక అమ్మాయి నన్ను ఆపింది. మన పల్లె పిల్లే. వాళ్ళమ్మ మిరపకోతలకెళ్ళి చదివించింది. ఇప్పుడు హైదరాబాదులో ఒక ల్యాబులో పని. "బాబాయ్, ఇక్కడ మొదటి శీలం తీసుకుంటన్నా. సోమవారం పోయి ఎలుక పొట్ట కోస్తన్నా. నేను శీలం తప్పినట్టేనా?" అంది.

అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. నేను బి.ఏ. చదివినవాణ్ణి. తెలిసినవాళ్ళని అడిగి, చదివి, ఇది రాస్తున్నాను.

ఆమె పని సెప్సిస్ మీద. 'సెప్టిక్ అయింది, ఒళ్ళంతా విషం పాకింది' అంటామే, అదే. పత్తికట్టె మోడు కాల్లో దిగినా, పురుడు సరిగా జరక్కపోయినా మొదలవుతుంది. 2017లో ప్రపంచంలో సుమారు 1 కోటి 10 లక్షల మంది దీంతో చనిపోయారని అంచనా. ఎక్కువమంది మనలాంటి దేశాలవాళ్ళే. కాబట్టి పరిశోధన వద్దని నేననను. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని బాబాసాహెబ్ 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో విడదీసి చెప్పారు.

అయితే అవసరం ఎక్కడిదాకా? అసలు చిక్కు ఇక్కడుంది. ఎలుకకి మత్తిచ్చి పొట్ట తెరుస్తారు. పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే భాగాన్ని దారంతో కట్టి, సూదితో పొడిచి, కుట్టేస్తారు. పేగులో ఉన్నది కడుపులోకి కారి విషం పాకుతుంది. మత్తు దిగాక? చాలా ల్యాబుల్లో నొప్పిమందు ఇవ్వలేదు. ఇస్తే రోగనిరోధక శక్తి తీరు మారి లెక్కలు చెడతాయన్నారు. సరే, మరి ఐసీయూలో మనిషికి నొప్పిమందు ఇస్తారు కదా! ఇవ్వని ఎలుక ఆ మనిషికి నమూనా ఎట్లా అవుద్ది? నొప్పి కూడా ఒంటి తీరుని మారుస్తుంది. 2017లో వియన్నాలో శాస్త్రవేత్తలు కూర్చుని, మరుసటి ఏడు ప్రకటించిన సూచనల్లో నొప్పిమందు సంగతి కూడా చేర్చారు. బ్యూప్రెనార్ఫిన్ లాంటి మందులున్నాయి. ఎలుక తన నొప్పిని మాటల్లో చెప్పలేదు. కళ్ళు మూసుకుపోవటం, చెవులు వెనక్కి వాలటం చూసి నొప్పి కొలిచే పద్ధతి 2010లోనే వచ్చింది.

మన చట్టమూ ఉంది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 17వ సెక్షన్. కోతకి వీలైనంతవరకు మత్తు ఇవ్వాలి, దయతో చెయ్యాలి అంటుంది. ప్రతి సంస్థలో నైతిక కమిటీ ఉండాలి. అందులో సామాజిక అవగాహన ఉన్న బయటి మనిషికీ చోటుంది. ఆ కుర్చీలో మనవాళ్ళెందుకు కూర్చోకూడదు?

ఇది చెబితే మా పెద్దాయన ఒకరు కసిరారు. "గొడ్లు తాగే చెరువులో మనల్ని తాగనియ్యలేదు. ఇప్పుడు ఎలుకల మీద జాలా?" ఆ కోపం నాకూ ఉంది. కానీ 1927లో మహాడ్ చెరువుకి నడిచిన బాబాసాహెబే 1956లో 22 ప్రతిజ్ఞల్లో సకల ప్రాణుల మీద దయ పెట్టారు. మిరపకాయ కోసిన చేతులు రాత్రంతా మండుతుంటే 'వాళ్ళకి అలవాటేలే' అన్న మాట మన అమ్మలు విన్నారు. 'ఎలుకకేం తెలుసులే' అన్నది దాని చెల్లెలు మాటే.

అమ్మాయికి ఇదంతా ఫోనులో చెప్పాను. శీలం తప్పావని అనలేదు. నొప్పిమందు సంగతి అడగమన్నాను. వాళ్ళ సారుని అడిగిందట. కాగితం రాసి కమిటీకి పెట్టమన్నారట. కమిటీ ఇంకా కూర్చోలేదు. ఈలోగా కుట్లేసిన ఎలుకల్ని చూసుకోటానికి రాత్రి డ్యూటీ తనే అడిగి వేయించుకుంది.