యంత్రం చూసింది, మరి మనం?

హత్య జరిగిన వీధిలో పదిమంది ఉంటారు. పోలీసులు వచ్చేసరికి చూసినవాడు ఒక్కడూ ఉండడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల ఫ్యాక్షన్ కక్షలలో నాటు బాంబులకంటె చట్టాన్ని ఎక్కువగా దెబ్బతీసింది ఈ మౌనమే. ధైర్యం చేసి పేరు ఇచ్చినవాడు కూడ బోనెక్కే నాటికి అడ్డం తిరిగేవాడు.

ఇప్పుడు సీసీ కెమెరా వచ్చింది, సెల్‌ఫోన్ వచ్చింది. "యంత్రానికి భయం లేదు, బంధుత్వం లేదు. అదే చెబుతుంది, మనకెందుకు లేప్పా" అంటున్నారు. ప్రియ పాఠకులారా, ఈ మాటను కొంచెం తరచి చూడాలి.

2019 మార్చి 15న మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి పులివెందులలో తన ఇంట్లోనే హత్యకు గురయ్యారు. హైకోర్టు 2020లో కేసును సి.బి.ఐ.కి అప్పగించింది. ఒక నిందితుని ఫోన్ ఆ రాత్రి ఎక్కడ ఉందో గూగుల్ సమాచారంతో చూపడానికి సి.బి.ఐ. ప్రయత్నించింది. దాని బలమెంతో తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే 2022 నవంబరు 29న సుప్రీంకోర్టు విచారణను కడప నుండి హైదరాబాదుకు మార్చింది. ఇక్కడ న్యాయమైన విచారణ జరగదేమోనన్న కుటుంబసభ్యుల భయం సహేతుకమేనని భావించింది. అంత సాంకేతిక జ్ఞానం ఉండి కూడ కేసు కృష్ణానది దాటవలసి వచ్చింది.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం కెమెరా రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. పరికరం బాధ్యత చూసేవారు, నిపుణుడు దానిమీద సంతకం చేయాలి. అంగడి కెమెరా అయితే ఆ సంతకం అంగడి యజమానిదే కావచ్చు. మరునాడు అతడు అదే వీధిలో అంగడి తెరవాలి! యంత్రం వెనుక కూడ చివరికి ఒక మనిషి నిలబడవలసిందే.

"నువ్వేం చూడలేదు నాయనా" అని కొడుకును వారించే తల్లిని నేను నిందించలేను. భయం మనిషి బాధ్యతను తగ్గిస్తుందని నీతిశాస్త్రం ఏనాడో ఒప్పుకున్నది. ఆ తల్లిని ఒంటరిగా వదిలేసి, స్తంభానికొక కెమెరా బిగించి, న్యాయం జరిగిపోయిందనుకునే మనకు మాత్రం ఆ మినహాయింపు వర్తించదు.

కెమెరాను సాక్షికి బదులుగా కాక, సాక్షికి కాపలాగా పెట్టడం మేలని నా అభిప్రాయం. 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకంలో సాక్షి ఇంటికి కెమెరాలు, భద్రతా తలుపులు అమర్చడం, నిందితునికి ఎదురుపడకుండ వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోవడం ఉన్నాయి. దానికోసం జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే సంఘానికి సాక్షిగాని, కుటుంబసభ్యులుగాని, వకీలుగాని అర్జీ పెట్టుకునే వీలు కల్పించారు.