కొలతా, గడువూ లేని వాగ్దానం

అప్పు తీసుకున్న మనిషి "వీలు చూసుకుని ఇస్తాను" అంటే అది ఇస్తానన్నట్టా, ఇవ్వనన్నట్టా? అతను అబద్ధమాడలేదు. బాకీ లేదనీ అనలేదు. కాని ఆ 'వీలు' ఎప్పుడన్నది తేల్చే అధికారం మాత్రం తన చేతిలోనే ఉంచుకున్నాడు. ఇక ఇచ్చినవాడు రేపు, మాపు అని తిరుగుతూ ఉండవలసిందే.

అందుకే ఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయతు (అల్ బఖరా: 282) అప్పు పత్రం గురించి అవతరించింది. నిర్ణీత గడువుకు అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు దాన్ని వ్రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని అల్లాహ్ ఆదేశించాడు. దైవప్రవక్త (స) మదీనాకు వచ్చేనాటికి అక్కడి ప్రజలు పండ్ల కోసం ఒకటి రెండేళ్ళ ముందే సొమ్ము చెల్లించేవారు. ఆయన ఆ వ్యాపారాన్ని నిషేధించలేదు. అయితే కొలత గాని తూకం గాని ముందే తెలిసి ఉండాలని, గడువూ తెలిసి ఉండాలని షరతు పెట్టారు (బుఖారీ, ముస్లిం). 'బైఎ సలమ్' నియమాలకు ఇదే మూలం.

ఖర్జూరాల బేరానికే ఇంత జాగ్రత్త అవసరమైతే, ఒక దేశాన్ని సైన్యంతో చేజిక్కించుకుని "తర్వాత అప్పగిస్తాం" అనేవాడి మాటకు ఎంత జాగ్రత్త కావాలి!

ఇరాక్ సంగతే చూడండి. 2003 మార్చిలో అమెరికా, బ్రిటన్ సేనలు దానిపై దాడి చేశాయి. మే 22న ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి 1483వ తీర్మానం ఆ రెండు దేశాలను ఆక్రమణ శక్తులుగా గుర్తించింది. సామూహిక విధ్వంసక ఆయుధాలను తొలగించడమే లక్ష్యమని మొదట చెప్పారు. అలాంటి నిల్వలు లేవని అమెరికా పంపిన పరిశోధక బృందమే 2004లో తేల్చింది. సద్దామ్ హుసేన్ 2003 డిసెంబరులోనే పట్టుబడ్డాడు. 2004 జూన్ 28న సార్వభౌమాధికారాన్ని ఇరాకీలకు అప్పగించినట్లు ప్రకటించారు. 2005లో ఎన్నికలు జరిగాయి, రాజ్యాంగమూ ఆమోదం పొందింది. అయినా సైన్యం కదలలేదు. ఇరాకీ దళాలు నిలదొక్కుకోవాలన్నారు. నిలదొక్కుకున్నాయని తేల్చేదెవరు? ఆక్రమించినవాడే! బాకీదారే న్యాయమూర్తి అయితే ఆ బాకీ ఎన్నటికి తీరుతుంది?

2007లో అమెరికా కాంగ్రెస్ ఉపసంహరణకు గడువు పెడుతూ బిల్లు ఆమోదిస్తే, అధ్యక్షుడు బుష్ మే 1న దాన్ని వీటో చేశారు. చివరకు 2008 నవంబరులో ఉభయ ప్రభుత్వాల ఒప్పందంలో తేదీలు వ్రాశారు: 2009 జూన్ 30 నాటికి నగరాల నుండి, 2011 డిసెంబరు 31 నాటికి దేశం నుండి సేనలు వైదొలగాలి. వ్రాసిన తేదీ అమలైంది. 2011 డిసెంబరు 18న చివరి వాహన శ్రేణి కువైట్‌లోకి వెళ్ళిపోయింది.

"తేదీ చెబితే శత్రువు ఆ రోజు కోసం కాచుకుని కూర్చుంటాడు" అన్నది గడువును వ్యతిరేకించేవారి వాదన. దీన్ని తేలిగ్గా తీసివేయరాదు. 2020 ఫిబ్రవరి 29న దోహాలో అమెరికా, తాలిబాన్‌లు 14 నెలల గడువుతో ఒప్పందం చేసుకున్నారు. ఆ చర్చల్లో నాటి అఫ్గాన్ ప్రభుత్వానికి చోటు లేదు. 2021 ఆగస్టు 15న కాబూల్ చేతులు మారింది. విమానాశ్రయం వద్ద జనం పడిన పాట్లు లోకమంతా చూసింది. ఇరాక్‌లోనూ 2003 మేలో ఆక్రమణదారులు పాత సైన్యాన్ని రద్దు చేశారు. కొత్తగా నిర్మించిన సైన్యం 2014 జూన్‌లో దాయిష్ ముందు మోసుల్‌ను నిలుపుకోలేకపోయింది.

అంటే గడువు ఒక్కటే చాలదు, కొలత కూడా ఉండాలి. ఏం అప్పగించాలి, ఎవరికి అప్పగించాలి, ఏ స్థితిలో అప్పగించాలి అన్నది ఆ నేల ప్రజలతో కలిసి నిర్ణయించాలి. అంతేగాని గడువే వద్దనడం న్యాయం కాదు. బాకీదారు గడువు నాడు చెల్లని నాణేలు తెచ్చిస్తే తప్పు గడువుది కాదు కదా!

దైవప్రవక్త (స) ఆచరణ చూద్దాం. హుదైబియా ఒప్పందం ప్రకారం మరుసటి ఏడు, హిజ్రీ 7లో, ఆయన సహచరులతో ఉమ్రా కోసం మక్కా వచ్చారు. మూడు రోజులే ఉండాలన్నది షరతు. అది ఆక్రమణ కాదు, ఆయన స్వస్థలం. తనను వెళ్ళగొట్టిన ఊరు. గడువు ముగియగానే ఖురైషులు హజ్రత్ అలీ (రజి) వద్దకు వచ్చి, మీ నాయకుణ్ణి బయలుదేరమనండి అన్నారు. ఆయన (స) బయలుదేరిపోయారు. ఉండిపోవడానికి సాకు వెదకలేదు.

ఈ కొలబద్ద మనవారికీ వర్తిస్తుంది. ఖుతైబా సేనలు తమ నగరంలో ద్రోహంతో ప్రవేశించాయని సమర్ఖంద్ ప్రజలు ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) కు మొరపెట్టుకున్నారు. ఆయన ఖాజీని నియమించారు. ముస్లిం సైన్యం నగరం విడిచి వెళ్ళాలని ఖాజీ తీర్పునిచ్చాడు. ఆ న్యాయాన్ని చూసి నగరవాసులే పాత పరిస్థితి కొనసాగడానికి సమ్మతించారని చరిత్రకారులు వ్రాశారు. అక్కడ తీర్పు చెప్పింది సేనాపతి కాదని గమనించండి.

పాలస్తీనా భూభాగాలు 1967 నుండి ఆక్రమణలో ఉన్నాయి. ఆ ఏటి 242వ తీర్మానంలో తేదీ లేదు. 2024 సెప్టెంబరు 18న ఐరాస సర్వప్రతినిధి సభ 12 నెలల గడువు పెట్టింది. అదీ దాటిపోయింది. కాని గడువు ఉంది కాబట్టే అది తప్పిందని ఈనాడు వేలెత్తి చూపగలుగుతున్నాం.

ప్రియ సోదరులారా! రాజ్యాల బాకీలు లెక్కించే ముందు మన ఇంటి బాకీ కూడా చూసుకుందాం. నిఖానామాలో మహర్ 'తర్వాత' అని వ్రాయించి, ఏ రోజో చెప్పకుండా ఏళ్ళు గడిపినవారు మనలో లేరా? భార్య అడగలేదు గనక బాకీ తీరిపోదు. ఈ రాత్రే ఆమెను కూర్చోబెట్టుకుని తేదీ నిర్ణయించి, కాగితం మీద వ్రాయండి. బలవంతుల నుండి మనం కోరే న్యాయం మన చేతి కింద ఉన్నవారికి ముందు అందాలి. మాట ఇచ్చి నిలుపుకునే భాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.