అగ్నికి పూత అపచారమా?

ఢిల్లీ ఉత్తమ్ నగర్ కుమ్మరి కాలనీలో కుండలు, ప్రమిదలు తరాలుగా కట్టెలు, రంపపు పొట్టు మంటలోనే కాలుతూ వచ్చాయి. మూసిన బట్టీ లోపలి గోడకు జిర్కాన్ అనే ఖనిజం పూత వేస్తే, వేడిలో కొంత గోడకు ఇంకిపోకుండా కుండల మీదికే మళ్లుతుంది. అగ్ని దేవుడు కదా, ఆయన్ని కట్టడి చేయడం అపచారం కాదా అని ఒక ప్రశ్న. యజ్ఞవేదికి ఇటుకల కొలతలు సైతం చెప్పింది బౌధాయన శుల్బసూత్రం. అగ్నికి హద్దు గీయడం తప్పయితే యజ్ఞమే లేదు.

సన్నటి పూతతో పొగ ఆగుతుందా అన్నది రెండో ఆక్షేపణ. పూర్తిగా ఆగదు, ఇన్సులేషన్‌కు అది బదులూ కాదు. కానీ బట్టీ గోడ సిరామిక్ ఫైబర్‌దైతే, దాని నుంచి రాలి ఊపిరితిత్తుల్లో చేరే నూగును పట్టి ఉంచుతుంది. మేలు చిన్నదని మానేయడం అహింస అనిపించుకోదు. బసవపురాణంలోని కుమ్మరి గుండయ్యకు కుండే శివపూజ. పనే పూజయితే, పక్కింటి పిల్లలు పీల్చే పొగా ఆ పూజ లెక్కలోకి రావాల్సిందే.