చీకట్లో దేన్ని నమ్మాలి?

శ్రద్ధ అంటే కళ్లు మూసుకుని నమ్మడమేనా? ఇంజినీరింగ్ చదివిన నాలాంటివాళ్లకి ఏదో ఒకరోజు ఈ డౌట్ రాక తప్పదు. నాకు దీని మీద కొంచెం స్పష్టత పైలట్ల వల్ల వచ్చింది.

మేముండేది పటాన్‌చెరులో. ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి సుల్తాన్‌పూర్ దాటితే దుండిగల్ వస్తుంది. అక్కడ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ ఉంది. శిక్షణ విమానాలు చూసి, పైన వీళ్లకి దిక్కులు ఎలా తెలుస్తాయా అని చదవడం మొదలుపెట్టాను.

పగలు నేల, ఆకాశం కలిసే గీత కనిపిస్తుంది కాబట్టి విమానం వంగిందో లేదో కళ్లే చెప్తాయి. అయితే వెలుతురు కూడా ఒక్కోసారి అడ్డమే. శంషాబాద్ రన్‌వే ఒక చివర 09 అని రాసి ఉంటుంది. అంటే 90 డిగ్రీలు, తూర్పు. పొద్దున్నే ఆ వైపు దిగుతుంటే, మనం దండం పెట్టుకునే సూర్యుడే పైలట్ కళ్లలో పడతాడు.

రాత్రి మబ్బుల్లో ఆ గీతే ఉండదు. బ్యాలెన్స్ తెలిపేది మన చెవి లోపలి ద్రవం. విమానం మరీ మెల్లగా వంగితే దానికి తెలియదు. వంగి కాసేపు అలాగే తిరుగుతుంటే సమంగా ఉన్నట్టే అనిపిస్తుంది. తమాషా ఏంటంటే, సరిచేసినప్పుడు రెండో పక్కకి పడిపోతున్నట్టు ఉంటుంది! అందుకే ట్రైనింగ్‌లో బయటికి కనపడకుండా అడ్డం పెట్టి, పరికరాలు మాత్రమే చూసి నడిపిస్తారు.

ఇది చదువుతుంటే మా అన్న గుర్తొచ్చాడు. సదాశివపేట దగ్గర మా ఊళ్లో అరెకరం అమ్మే విషయంలో మాటామాటా వచ్చి ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు. ఒక్కరోజులో వచ్చిన కోపం కాదు, మెల్లమెల్లగా వంగాను. నాకు మాత్రం నేను నిటారుగానే ఉన్నాననిపించేది. అమ్మ "నీ కోపం నీకు కనబడ్తలేదు బిడ్డా" అంటే, "నువ్వెప్పుడూ అన్న దిక్కే" అని కొట్టిపారేశాను.

సరే, అనిపించేదాన్ని కాదు, పరికరాన్ని నమ్మాలి. మరి పరికరమే తప్పు చెప్తే?

1978 జనవరి 1 రాత్రి బొంబాయి నుంచి దుబాయ్ బయల్దేరిన ఎయిర్ ఇండియా 855లో అదే జరిగింది. ఎదురుగా చీకటి, అరేబియా సముద్రం. విమానం సమంగానే ఉంది, కానీ కెప్టెన్ ముందున్న పరికరం కుడికి వంగినట్టు చూపించింది. ఆయన ఎడమకి తిప్పారు. దాన్ని చూడొద్దని ఫ్లయిట్ ఇంజినీర్ చెప్పేసరికే ఆలస్యమైంది. రెండు నిమిషాల్లోపే విమానం సముద్రంలో పడి 213 మంది పోయారు. ఆ కెప్టెన్‌ని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ఇంట్లో కూర్చుని, టైమ్ అంతా చేతిలో పెట్టుకుని కూడా నేను ఒక్క మీటరే చూశాను.

అందుకే కాక్‌పిట్‌లో ఒకే పరికరం ఉండదు. కెప్టెన్‌కి ఒకటి, కో-పైలట్‌కి ఒకటి, స్టాండ్‌బై ఇంకొకటి. మన వేదాంతులు కూడా శ్రుతి, యుక్తి, అనుభవం అని మూడు చెప్పారు. మూడూ కలవాలి. నాకు శ్రద్ధ అంటే ఇదే అనిపిస్తోంది. ఒకదాన్ని గుడ్డిగా పట్టుకోవడం కాదు, నా మీటర్ తప్పేమో అని మిగతావాటి వైపు చూసే వినయం.

నా గొడవని అలా పెట్టి చూశాను. అనుభవం: నాకు అన్యాయం జరిగింది. యుక్తి: అన్న పాత మెసేజ్‌లు మళ్లీ చదివాను. "నీకు ఇష్టం లేకుంటే ఆపుదాం" అని ఉంది, నేను గమనించనే లేదు. శ్రుతి స్థానంలో గీతను పెట్టుకున్నాను. కోపం వల్ల మోహం, మోహం వల్ల జ్ఞాపకం చెదరడం, దాంతో బుద్ధి పోవడం అని రెండో అధ్యాయం వరుసగా చెప్తుంది. మూడింట్లో నా మీటర్ ఒక్కటే వేరుగా ఉంది.

ఫోన్ చేశాను. రింగ్ అవుతున్నంతసేపు నేను ఓడిపోతున్నట్టు, పడిపోతున్నట్టు అనిపించింది. కట్ చేద్దామనుకున్నా. అప్పుడే గుర్తొచ్చింది, సరి అవుతున్నప్పుడు అలాగే ఉంటుందని.

"తిన్నవారా?" అన్నాడు అన్న. పొలం సంగతి ఇంకా తేలలేదు. కానీ మాట్లాడుకుంటున్నాం.

మీరూ ఎవరితోనైనా మాట్లాడటం మానేసి ఉంటే, ఈ రాత్రి ఆ రెండో మీటర్ ఒకసారి చూడండి.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.