చూడనివారు వ్రాయు పుట

తాను చూడలేని వస్తువును ఒకడు చేయగలడా? చేయలేడనియే మనలో అనేకులు చెప్పుదురు. అందులోను కంప్యూటర్ తెరమీద కనబడు వెబ్ పేజీ రంగులతోను బొమ్మలతోను నిండియుండును గనుక అది కంటికొరకే పుట్టినదని మన తలంపు. అయితే లోకమందు అనేకమంది అంధులు అట్టి పేజీలను స్వయముగా వ్రాయుచున్నారు. ఇది అద్భుతము కాదు. ఎవరో జాలిపడి వారికి చేసిపెట్టుట అంతకన్న కాదు.

వెబ్ పేజీ పైకి చిత్రమువలె కనబడినను లోపల అది వట్టి వ్రాతయే. ఇది శీర్షిక, ఇది పేరా, ఇచ్చట నొక్కినయెడల మరియొక పేజీకి పోవును, ఇచ్చట ఫలాని బొమ్మ ఉండవలెను అని చిన్న చిన్న గుర్తులతో వ్రాసిన ఆజ్ఞల వరుస అది. దానిని హెచ్.టి.ఎమ్.ఎల్. అందురు. అంధుడు నోట్‌ప్యాడ్ వంటి సాదా ప్రోగ్రాము తెరచి ఆ వరుసను టైపు చేయును. స్క్రీన్ రీడర్ అను మరియొక ప్రోగ్రాము అతడు నొక్కిన ప్రతి అక్షరమును పైకి పలుకును. గుర్తులను సహితము పలుకుమని దానికి చెప్పవచ్చును గనుక ఒక గుర్తు తప్పిపోయినయెడల చెవికే తెలియును. వ్రాసి ముగించిన పిమ్మట పేజీని బ్రౌజరులో తెరచి, కీబోర్డుమీద హెచ్ అక్షరము నొక్కుచు, ఒక శీర్షికనుండి మరియొక శీర్షికకు పోవుచు, వరుస సరిగా ఉన్నదో లేదో పరీక్షించును. మౌసుతో అతనికి పనిలేదు.

మరి రంగుల మాటేమి? ఇచ్చటనే మాకు మిక్కిలి ఆశ్చర్యము కలిగినది. అక్షరపు రంగుకును దాని వెనుకనున్న రంగుకును ఎంత భేదముండవలెనో 2008లో వెలువడిన వెబ్ నియమములలో లెక్క కలదు. సాధారణమైన అక్షరములకు అది 4.5కు 1. రంగులకు సంఖ్యలున్నవి గనుక, తన పేజీ ఇతరులకు తేటగా కనబడునో లేదో చూపులేనివాడు సహితము లెక్క కట్టి తెలిసికొనగలడు. బొమ్మ అంచు తెగినదా, ఒక మాట మరియొక మాటమీద పడినదా అని మాత్రము కండ్లున్న స్నేహితుని అడుగును. అడుగుటలో సిగ్గేమున్నది? మనము అచ్చుకు పంపు కాగితములను వేరొకరిచేత దిద్దించుకొనుట లేదా?

ఈ పనిముట్లలో ముఖ్యమైనవి కొన్ని అంధులే చేసికొనినవి. పూనేలో పుట్టి, 14 ఏండ్ల ప్రాయమున చూపు కోల్పోయిన టి. వి. రామన్ గారు 1995లో ఈమాక్‌స్పీక్ అను ప్రోగ్రామును వెలువరించిరి. ఆస్ట్రేలియా దేశస్థుడైన మైకేల్ కరన్ అను అంధ యువకుడు 2006లో ఎన్.వి.డి.ఎ. అను స్క్రీన్ రీడర్‌ను మొదలుపెట్టగా, జేమ్స్ టె అను మరియొక అంధుడు అతనితో కూడెను. అప్పటికి అమ్మకములోనున్న అట్టి ప్రోగ్రాముల వెల పేదలకు అందనిది. వీరిది ఉచితము. అది తెలుగును కూడ చదువును. ఉచ్చారణ కొంత మొరటుగా ఉండుననుట నిజమే గాని అలవాటైన చెవికి అది అడ్డము కాదు.

ఇక అడ్డమెక్కడ? చూపున్నవారు చేసిన పేజీలలో. బొమ్మ ఉంచినప్పుడు దానిలో ఏమున్నదో ఒక్క వాక్యము గుర్తుల మధ్య వ్రాయవలెను. అది కంటికి కనబడదు గాని స్క్రీన్ రీడర్ దానిని చదువును. మనము దానిని వ్రాయము. గ్రుడ్డివాని యెదుట అడ్డము వేయకూడదని లేవీయకాండము 19వ అధ్యాయములో ఆజ్ఞ యున్నది. మేము ఎవరినైనను పడద్రోయవలెనని తలంచితిమా అని మనము అడుగవచ్చును. అయితే చీకటిలో దారిమధ్య నాగలి విడిచిపోయిన రైతు కూడ ఎవరినీ పడద్రోయ తలంచలేదు. తగిలిన కాలికి అతని తలంపు తెలియదు. తెలియక విడిచినవానిని క్షమింపవచ్చును. ఒకరు పడిరని విని, మరునాడు మరల అచ్చటనే విడిచినవానిగూర్చి ఏమందుము?

కొద్దిమందికొరకు అందరును శ్రమపడవలెనా అని కొందరు వాదింతురు. ఆ శ్రమ ఒక్క వాక్యము. మనకొరకు ఆ అంధుడు పడు శ్రమను గూర్చి తలంచుడి. తనకు లేని కండ్లకొరకు అతడు రంగులను లెక్కగట్టుచున్నాడు. మనకున్న చెవులకొరకు కూడ మనము ఒక్క వాక్యము వ్రాయకున్నాము! అందుచేత ఇది దయకు సంబంధించినది కాదు, న్యాయమునకు సంబంధించినదని మా అభిప్రాయము. మన దేశములోని 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము కూడ ఎలక్ట్రానిక్ సమాచారము వారికి అందవలెనని చెప్పుచున్నది.

పల్లెలలో వెబ్ పేజీలు చేయువారెవరని నవ్వకుడి. మన సంఘములలో ఫోను లేని ఇల్లు అరుదు. ఆరాధన వేళ మారినను, ఒకరి ఇంట ప్రార్థన కూడిక పెట్టినను, పూలబొమ్మలతో అలంకరించిన ఫోటోగా చేసి వాట్సాప్‌లో పంపుచున్నాము. ఫోను మాటలాడగా విను సహోదరికి చాలసార్లు అచ్చట "ఫోటో" అను ఒక్క మాటయే వినబడును. ఆమె కూడికకు రాలేదేమని తరువాత మనమే విచారింతుము. బొమ్మ పంపవద్దని మేము చెప్పుట లేదు; పువ్వులు ఉండనిండు. ఆ బొమ్మ క్రింద దినమును, గంటను, ఇంటివారి పేరును అక్షరములతో టైపు చేయుటకు రెండు నిమిషములు పట్టును.